బల్లి పలకలేదు

నందిగామలో ఎస్తేరు ప్రతి శనివారం తొమ్మిదింటికి గ్యాసు కట్టేసి, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి కూర్చునేది. కొన్ని రకాల తిండి పడని పిల్లల తల్లిదండ్రులకి ఆన్‌లైన్ క్లాసు. గోడ మీది బల్లి కూడా దిగివచ్చి పక్కన సర్దుకునేది. నిజమైన మాట దగ్గరల్లా పలికేది, తప్పు మాటకి నోరు మెదిపేది కాదు. ఒకరోజు అది కనపడకపోతే క్లాసు చెప్పే మేడమే అడిగింది, "మీ బల్లి రాలేదేంటండీ?" అని.

ఎస్తేరు కూతురు జాయిస్‌కి నాలుగేళ్ళు. పల్లీలు పడవు. నిరుడు జగ్గయ్యపేటలో చిక్కీ ముక్క తిని, మొహం ఉబ్బి, ఊపిరందక, ఆస్పత్రి చేరేసరికి పెదాలు నీలమయ్యాయి. అత్తగారు దేవమణికి మాత్రం క్లాసంటే వెటకారం.

"పల్లీలు తిని చచ్చినోళ్ళని నేను చూళ్ళేదమ్మా. ప్రార్థన చేసి పెడితే ఏదైనా అరుగుద్ది," అనేది. మనవరాలంటే ప్రాణమే. మొండిది, అంతే.

జాయిస్ పుట్టినరోజుకి ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టారు. ముందుగదిలో పాటలు సాగుతుంటే, ఇవాళ్టితో ఇంట్లో ఆ పల్లీల భయం వదలగొడదామని, దేవమణి వంటింట్లో గుత్తివంకాయ గుండిగలో దోసెడు పల్లీ పొడి కలిపింది. మూత మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. పిల్లని పిలిచి కంచంలో అన్నం పెట్టింది.

"ప్రార్థన చేసిన కూర నా బిడ్డనేం చెయ్యదు," అంది గోడకేసి చూస్తూ.

బల్లి పలకలేదు.

ఆవిడకి చిరాకేసింది. "ఏం చెయ్యదంటే!" అని రెట్టించింది. బల్లి గోడ మీదే గబగబా పాకి సరిగ్గా గుండిగకి పైగా వచ్చి ఆగింది. పలకలేదు. అయినా దేవమణి మూత తీసి గరిటె అందుకుంది. జాయిస్ అప్పటికే నోరు తెరుచుకు కూర్చుంది.

బల్లి పొగలు కక్కుతున్న కూరలోకి దూకింది.

బల్లి పడిన కూర విషం. అది తెలియడానికి ఏ క్లాసూ అక్కర్లేదు. దేవమణికి వాళ్ళమ్మ చెప్పింది. "తినొద్దు! ఎవరూ ముట్టుకోవద్దు!" అని కేకపెట్టి, పరుగున వచ్చిన ఎస్తేరు చేతుల్లోకి పిల్లని తోసి, గుండిగని దొడ్లోకి ఈడ్చి గోతిలో బోర్లించింది. అక్కడే కూలబడింది.

"అందులో పల్లీ పొడి వేసానమ్మా," అంది తలెత్తకుండా. "ఈ చేత్తోనే."

ఎస్తేరు ఒళ్ళు భగ్గుమంది. నోటిదాకా వచ్చిన మాటలు చాలానే ఉన్నాయి. చంకలో పిల్ల ఆకలని ఏడుస్తోంది.

దేవమణి లేచి మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

"అమ్మాయ్, మీ క్లాసులో చెప్పే ఆ సూది, ఊపిరాడకపోతే తొడకి పొడిచేది, ఎట్టా పట్టుకోవాలో నాకూ నేర్పు," అంది. "పిల్లకి అన్నం మాత్రం ఇవాళ నువ్వే పెట్టు."