పొట్టేలు ఎక్కిన కారు

కుమాసీలోని సువామె మ్యాగజీన్ అనే కార్ల మరమ్మతుల పేటలో ఇంజన్లు విప్పేవాళ్లు వీధికి నలభైమంది ఉంటారు. తోలు సీట్ల మీద గీతలు మాయం చెయ్యాలంటే మాత్రం అందరూ అఫ్రాకోమా కొట్టుకే దారి చూపిస్తారు. పాతికేళ్లుగా అదే రేకుల కొట్టు, అదే స్టూలు. ఆమె చెయ్యి పడ్డ చోట గీత ఎక్కడుండేదో కారు యజమానే చెప్పలేడని పేరు.

గురువారం పొద్దున ఆమె కొట్టు ముందు కూర్చుని ఆకులో వాచే, అంటే అలసందల అన్నం, తింటూంటే ఒక నల్ల కారు వచ్చి ఆగింది. వెనక కిటికీలోంచి పొట్టేలు తల బయటపెట్టి ఆమె అన్నంకేసి చూసింది.

"నాయనా, దారి తప్పినట్టున్నావ్. పశువుల సంత అటువైపు," అంది అఫ్రాకోమా.

డ్రైవరు సీట్లోంచి ముప్పయ్యేళ్లవాడు దిగాడు. చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది.

"అమ్మా, మీరే కాపాడాలి. నా పేరు అంపోఫో, బళ్లో లెక్కలు చెప్తాను. ఎల్లుండి నా పెళ్లి."

"అలాగా! పెళ్లికొడుకు వెనక సీట్లో ఉన్నాడనుకున్నా."

అతనికి నవ్వు రాలేదు. కారు మేనమామ అడుసెయ్‌ది. పెళ్లికూతుర్ని తీసుకురావడానికని ఇచ్చాడు. ఆ కార్లో వేరుసెనగ గింజ కూడా తిననివ్వని మనిషి. పెళ్లి విందుకని కొన్న పొట్టేల్ని ఒక్క టాక్సీవాడూ ఎక్కించుకోలేదు. ఇంతలో ఏమవుతుందిలే అనుకుని అంపోఫో దాన్ని వెనక ఎక్కించాడు. పెద్ద సర్కిల్ దగ్గర తాడు ఊడింది.

ఇద్దరూ కలిసి పొట్టేల్ని దింపి గుంజకి కట్టారు. మీగడ రంగు తోలు మీద గిట్టలు లాగిన గీతలు అయిదు, ఒక్కోటి జానెడు పొడవున తేలాయి. అఫ్రాకోమా వేలితో ఒక్కోదాన్నీ తడిమి చూసింది.

"తోలు తెగలేదు. పైపూత లేచిందంతే. బతికిపోయావ్."

"సాయంత్రానికి అవుతుందా? మావయ్య కారు ఎలా ఉందో చూసుకోడానికి ఇంటికొస్తానన్నాడు."

"నువ్వు నా పక్కన నిలబడి నిట్టూర్పులు విడవకపోతే అవుతుంది."

సబ్బునీళ్లతో సీటు తుడుస్తూ మూల మడత దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. అక్కడ ఎవరో పూర్వం బాగుచేశారు. ఎవరో ఏమిటి, తనే! లప్పం ఆరకముందు దానిమీద తోలు గరుకు అచ్చు దింపడానికి ఆమె తన పాత తోలు చేతిసంచి ముక్కనే అద్దుతుంది. ఆ ముక్కమీది చిన్న సుడి ఇక్కడ అచ్చుపడి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండు క్రిస్మస్‌ల క్రితం, టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి పెద్దాయన, ఇదే సీటు మీద గినీకోళ్ల బుట్ట. "మా ఆవిడ చెవిన పడిందంటే నన్నూ ఈ కోళ్లతోపాటే కోసేస్తుంది," అని ప్రమాణం చేయించుకున్నాడు.

ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది.

"ఏంటమ్మా?" అన్నాడు అంపోఫో కంగారుగా.

"ఏం లేదు. ఈ రంగు నా చేతికి తెలిసిందే, పని తొందరగా అవుతుంది."

సన్నరకం ఎమరీ కాగితంతో గీతల అంచులు నునుపు చేసింది. లప్పాన్ని రేకుతో పలచగా లాగి, ఆ పాత తోలు ముక్క అద్దింది. తెలుపులో పసుపు, పసుపులో గోధుమరంగు చుక్క కలిపి, సీటు కింద కనపడనిచోట పూసి చూసింది. తడిగా ఉన్నప్పుడు సరిపోయిన రంగు ఆరాక మోసం చేస్తుంది. మళ్లీ కలిపింది. మూడోసారికి కుదిరింది. అయిదు గీతల మీదా రంగు పూసి, కారు తలుపులు నాలుగూ ఎండకి తెరిచింది.

రంగు ఇలా ఆరిందో లేదో, పొట్టేలెక్కిన కారు ఎటెళ్లిందని అడుగుతూ ఒక టాక్సీ వచ్చి ఆగింది. టోపీ పెట్టుకున్న పొడుగాటి పెద్దాయన దిగాడు. అంపోఫో వెళ్లి పొట్టేలుకి అడ్డంగా నిలబడ్డాడు.

"సర్కిల్ దగ్గర నా కార్లో పొట్టేలు షికారు చేసిందని ఊరంతా చెప్పుకుంటున్నార్రా!" అడుసెయ్ గొంతు పక్క కొట్టుదాకా వినబడింది. "పక్కింటాయన ఫోన్ చేసి, మీ చుట్టాలొచ్చారా అని అడిగాడు! చదువు చెప్పేవాడివి, బుద్ధుండక్కర్లా? కారంటే మనుషులెక్కేదిరా, సంత కాదు!"

"తప్పయిపోయింది మావయ్యా."

పక్క కొట్లవాళ్లు పని ఆపేసి వింటున్నారు. అఫ్రాకోమా ఒక నిమిషం ఆలోచించింది. ఇచ్చిన మాట తప్పకూడదు. పెళ్లి రెండు రోజుల్లో ఉండగా ఈ కుర్రాడు ఇన్ని మాటలు పడటమూ బాగాలేదు.

"అయ్యా, ఇలా వచ్చి పని చూడండి," అని పిలిచి, పెద్దాయన చెయ్యి పట్టుకుని మూల మడత మీద పెట్టింది. "పాతపని ఏదో కొత్తపని ఏదో చెప్పగలరా?"

అడుసెయ్ వేలు ఆగింది. ఆమె మొహంలోకి చూశాడు. తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు.

"నా చేతిపని కనపడదయ్యా," అంది ఆమె మెల్లిగా. "నా నోరూ అంతే, పెగలదు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"సరేలే," అన్నాడు మేనల్లుడితో. "జంతువులన్నాక... ఒక్కోసారి తప్పదు. తాడు గట్టిగా కట్టాలిరా. బుట్టయినా సరే."

"బుట్టేంటి మావయ్యా?"

"ఏం లేదు, నోరుమూసుకుని పద!"

రంగు గట్టిపడటానికి కారు రాత్రంతా కొట్లోనే ఉండాలంది అఫ్రాకోమా. పొట్టేల్ని తోపుడుబండి మీద ఎక్కించారు. బండి వెనక పెద్దాయన, ముందు మేనల్లుడు నడుస్తూ వెళ్లారు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

శనివారం పెళ్లికి అఫ్రాకోమా కూడా వెళ్లింది. పెళ్లికూతురు తివా తెల్లటి గౌనులో కారు దిగింది. అందరూ ఆమె మొహం చూస్తుంటే అఫ్రాకోమా ఒక్కతే వెనక్కి చేరి గౌను వీపు భాగం వెతికింది. ఎండ మండిపోతోంది, కొత్తరంగు, ఏ మరకైనా అంటిందేమోనని ఆమె భయం. ఒకసారి చూసింది. నమ్మకం చాలక చర్చి మెట్లదాకా పెళ్లికూతురి వెనకే నడిచి ఇంకోసారి చూసింది.

గౌను మల్లెపువ్వులా ఉంది. అప్పుడు ఊపిరి పీల్చుకుని, పైగుడ్డ నడుముకి బిగించుకుని, నాట్యం చేసేవాళ్లలో కలిసిపోయింది.