తన సబ్జెక్టులోనే తప్పాడు

ఇరవై మూడేళ్ళు తాపీ పట్టిన మేస్త్రికి నలభై నాలుగో ఏట మోకాలు మొరాయించింది. మళ్ళీ పరంజా ఎక్కితే కాలు దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. మూడు నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, సాయంత్రం క్లాసులు నడిపే ఒక కాలేజీలో బిల్డింగ్ డ్రాయింగ్ కోర్సులో చేరాడు. కట్టే యోగం లేకపోతే గీసైనా బతకొచ్చుననుకున్నాడు.

"ఈ వయసులో పుస్తకాలా? పిల్ల నవ్వుతుంది," అంది భార్య.

డిగ్రీ చదువుతున్న కూతురు నవ్వలేదు. తన పాత సంచీ దులిపి ఇచ్చింది.

మొదటి రోజు అతను గదిలో అడుగు పెట్టగానే కుర్రకారంతా సార్ వచ్చాడనుకుని లేచి నిలబడింది. తలొంచుకుని వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు. కాసేపు గది గొల్లుమంది.

లెక్కలంటే అతనికి గుండె దడ. రోజూ కూతురి ముందు కూర్చుని తిట్లు తింటూ నేర్చుకున్నాడు. భవన నిర్మాణం పుస్తకం మాత్రం తెరవలేదు. తాతకు దగ్గులు నేర్పేదెవరు?

ఫలితాలొచ్చాయి. లెక్కల్లో అరవై ఒకటి. భవన నిర్మాణంలో ఇరవై ఎనిమిది, ఫెయిల్.

"నాన్నా, నీ సబ్జెక్టులోనా!" అంది కూతురు. భార్య మార్కుల కాగితం మడిచి బీరువాలో పెట్టేసింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు లెక్చరరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడకి అతని వయసులో సగం ఉంటుందేమో. పేపరు తీసి ముందు పెట్టింది.

"గోడలు చెమ్మగిల్లడానికి అయిదు కారణాలు రాయమన్నాను. మీరు ఒకే ఇంటి గురించి మూడు పేజీలు రాశారు."

"ఆ గోడకి ఉన్న కారణం ఒకటేనమ్మా. లోపల పైపు పగిలింది. నా చేత్తో నేనే తవ్వి తీశాను."

"నిజమే. కానీ రేపు మీ ముందుకొచ్చేది ఇంకో గోడ. దాని సంగతేంటి?"

అతనికి ఒళ్ళు మండింది. వారం రోజులు కాలేజీ గడప తొక్కలేదు. ఎనిమిదో రోజు ఆ పుస్తకం విప్పాడు. అందులో తనకు తెలిసినవే ఎక్కువ. తెలియనివి కూడా ఉన్నాయి. నేల తడి గోడలోకి పైకి ఎందుకు పాకుతుందో ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. రెండోసారి రాస్తే యాభై నాలుగొచ్చాయి.

కోర్సు ముగిశాక ఒక చిన్న డిజైన్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. కంప్యూటరు మీద చెయ్యి నత్తనడక. పక్క సీటు అమ్మాయి రెండు ప్లాన్లు గీసేలోపు ఇతనిది సగం కూడా అయ్యేది కాదు. ఆఫీసు యజమాని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

రెండో నెలలో ఆ అమ్మాయి గీసిన ఇంటి ప్లాను చూసి మేస్త్రి ఆగిపోయాడు.

"అమ్మాయ్, ఈ మెట్లు ఎవరెక్కాలి?"

"ఎవరైనా ఎక్కొచ్చు. ఏం?"

"తొమ్మిదో మెట్టు దగ్గర దూలం అడ్డొస్తోంది. నా అంత ఎత్తున్నవాడు ఎక్కితే నుదురు పగులుతుంది."

యజమాని వచ్చి కొలతలు చూసి నాలుక కరుచుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి ప్లానూ బయటికి వెళ్ళే ముందు అతని బల్ల మీదికి వచ్చేది. గీయడంలో వేగం పెద్దగా పెరగలేదు. దాని గురించి ఇక ఎవరూ పట్టించుకోలేదు.