మూడో మిషను చెప్పిన మాట

ఆ వీధిలో ఆయనకు రుజువు మాస్టారని పేరు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఎవరే మాట అన్నా "రుజువేదీ?" అని చెయ్యి చాపడం ఆయనకు ఊపిరితో పాటు వచ్చిన అలవాటు. ఇవాళ పాలు చిక్కగా ఉన్నాయని పాలవాడంటే రుజువు అడిగారు. ఒంట్లో బాగుండటం లేదని వియ్యపురాలంటే ఆవిణ్ణీ రుజువు అడిగారు. ఆ రెండో సంగతి ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

మాస్టారు కాపురముండేది మూడో అంతస్తులో. లిఫ్టు లేని మేడ. డాబా మీద గొడుగంత గదిలో ఆయన టెలిస్కోపు ఉంది. ఆ గదిలోకి వెళితే ఆయనకు వయసు గుర్తుండదు. మెట్లెక్కేటప్పుడు మాత్రం మోకాళ్ళు ఒకటికి రెండుసార్లు గుర్తు చేస్తాయి. అదే మేడలో కింది వాటా ఆయన బావమరిదిది. ఇల్లు మార్చుకుందాం, అక్కాబావలు కిందికి దిగండి, నేను పైకి వెళతానని అతను ఏడాదిగా పోరుతున్నాడు.

"ఏమండీ, ఈ మెట్లు ఇంక మనవల్ల కాదు. వాడు వస్తానంటున్నప్పుడే దిగిపోదాం" అంది భార్య ఒకరోజు కూరల సంచీ గుమ్మంలో దించి, ఆయాసం తీర్చుకుంటూ.

"మనవల్ల కాదని రుజువేదీ?"

"పడ్డాక దొరుకుతుంది బావగారూ" అన్నాడు వెనకే వచ్చిన బావమరిది. "అప్పుడు ఆ రుజువుని కిందికి మోసుకు రావాల్సింది మేమే."

మాస్టారి బాధ వేరు. కిందికి దిగితే ఆకాశం పోతుంది. కింది వాటా కిటికీలోంచి కనిపించేది ఎదురు మేడ వెనక గోడా, రెండు మేడల మధ్య సొరుగు తెరిచినట్టుండే ఇరుకు సందూ. శనిగ్రహపు వలయాలు చూసిన కంటికి ఎదురింటివాళ్ళ ఆరేసిన తువ్వాళ్ళు చూపించడం అన్యాయమని ఆయన అభిప్రాయం. కానీ "నాకు టెలిస్కోపు కావాలి" అనడం చిన్నపిల్లల మాటలా ఉంటుంది కనక, "శాస్త్రీయమైన ఆధారం లేదు" అనేవారు.

ఆధారం బస్సెక్కి వచ్చింది. వీధి మలుపులో ఒక తెల్ల బస్సు ఆగింది. పెద్దవాళ్ళలో తుంటి ఎముక ఎంత గట్టిగా ఉందో దేశ జనాభా మొత్తానికి లెక్క కట్టే సర్వే అది. లాటరీ తీసినట్టు కొన్ని ఇళ్ళను ఎంచి, ఆ ఇళ్ళలో యాభై దాటిన ప్రతివారినీ బస్సులోని మిషను కింద పడుకోబెడతారు. తొడ ఎముక తుంటిలో కలిసేముందు మెడలా సన్నబడే చోట ఖనిజం ఎంత చిక్కగా ఉందో కొలుస్తారు. జనం ముందుకు రాలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, మా ఎముకల సంగతి సర్కారుకెందుకన్నారు. ఎదురు వాటాలో ఉండే రిటైర్డ్ గుమాస్తా గారు ఇంకో అడుగు ముందుకేశారు.

"మా ఇల్లు లాటరీలో వచ్చింది మాస్టారూ. నా బదులు మా తమ్ముణ్ణి పంపుదామనుకుంటున్నా. వాడు రాయిలా ఉంటాడు. వీధికి మంచి పేరొస్తుంది."

మాస్టారికి ఇలాంటి అవకాశం రిటైరయ్యాక మళ్ళీ రాలేదు. మేడ ముందు పదిమందిని నిలబెట్టి పాఠం అందుకున్నారు.

"రాళ్ళను ఏరి పంపితే అది సర్వే కాదండీ, సొంత డబ్బా. లాటరీ ఎవరి మీద పడితే వాళ్ళే వెళ్ళాలి. వచ్చిన అంకె వచ్చినట్టు రాయాలి. నచ్చిన అంకె వచ్చేదాకా కొలిచేవాడికీ, నచ్చిన మాట వినేదాకా జ్యోతిష్కుల గుమ్మాలెక్కేవాడికీ తేడా ఏముంది?"

అందరూ గుమాస్తా గారి వంక చూశారు. ఆయన జిరాక్స్ షాపు పెట్టేముందు ముగ్గురు జ్యోతిష్కులను అడిగిన సంగతీ, ఇద్దరు వద్దన్నాక మూడో ఆయన పెట్టమన్న సంగతీ, ఆ షాపు ఆర్నెల్లకే మూతపడిన సంగతీ వీధికంతా తెలుసు. గుమాస్తా గారు మాత్రం తననెవరో పొగిడినట్టు నవ్వి, మర్నాడు బుద్ధిగా బస్సెక్కారు.

మాస్టారి ఇల్లూ లాటరీలో వచ్చింది. బస్సెక్కేముందు ఆయన బావమరిదిని పిలిచి, ప్రయోగానికి ముందే గీత గీయడం శాస్త్రీయ పద్ధతి అని వివరించి, గీత గీశారు. "ఎముక పలచబడేకొద్దీ అంకె సున్నా నుంచి కిందికి దిగుతుంది. మైనస్ రెండున్నర కంటే కిందికి పోతే ఎముక గుల్లబారినట్టు. నా అంకె అక్కడికి దిగితే నేనూ ఈ వారమే దిగుతాను. దిగకపోతే ఇంక జన్మలో మెట్ల ఊసెత్తకూడదు."

"మాటేనా బావగారూ?"

"మాట కాదయ్యా, కొలత."

బస్సులో మిషను నడిపే అమ్మాయి ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, పాదాల మధ్య ముక్కోణపు చెక్క పెట్టి, "బొటనవేళ్ళు లోపలికి తిప్పండి తాతగారూ" అని పట్టీలు బిగించింది. తాతగారన్న మాట మాస్టారికి పట్టీకన్నా గట్టిగా తగిలింది. దాంతో రెండు శక్తుల ఎక్స్‌రేలతో ఎముకనూ కండనూ ఎలా విడదీస్తారో ఆ అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టారు.

"కదలకండి తాతగారూ."

"కదలడం లేదమ్మా, మాట్లాడుతున్నాను."

"మీరు మాట్లాడితే మొత్తం కదులుతున్నారు."

కాసేపటికి డాక్టరు కాగితం చూసి అన్నాడు: "మైనస్ రెండు పాయింట్ ఏడండీ. పడకుండా జాగ్రత్తపడాలి. ఇంట్లో మెట్లున్నాయా?"

"ఉన్నాయి" అన్నారు మాస్టారు, తేలు కుట్టిన దొంగలా.

దారిలో భార్య, "నాదీ చెప్పారండీ..." అని మొదలుపెట్టింది.

"ఆగు ఆగు, ముందు ఈ సంగతి తేలనీ" అన్నారు మాస్టారు. "అసలు ఈ మైనస్ ఎవరితో పోల్చి వేశారో తెలుసా? ఇరవయ్యేళ్ళ పడుచు పిల్లలతో! నన్ను తీసుకెళ్ళి వాళ్ళ పక్కన నిలబెట్టడం ఏం న్యాయం?"

"పెళ్ళైన నాటినుంచీ మీరు నన్ను మీ అమ్మగారి పక్కన నిలబెట్టారు. నేనెప్పుడైనా కొలత తప్పన్నానా?"

మాస్టారు మెట్లెక్కారు, మామూలుకంటే చురుగ్గా, చూసేవాళ్ళెవరూ లేకపోయినా.

గీత గీసినవాడికి గీత దాటడం కష్టం. అందుకని మాస్టారు గీత జోలికి పోకుండా కొలత మీద పడ్డారు. ఒక్క కొలత మీద ఆధారపడటం శాస్త్రం ఒప్పదు కనక, పెద్ద ఆసుపత్రికి వెళ్ళి ఇంకోసారి కొలిపించుకున్నారు. మైనస్ రెండు పాయింట్ ఆరు. ఇక్కడ ఆగి ఉంటే ఆయన నిజంగానే శాస్త్రవేత్త అయ్యుండేవారు. రెండు కొలతలు ఒకే మాట చెబుతున్నాయని కాలేజీలో ఏ కుర్రాడైనా రాస్తే ఆయన మార్కులు వేసేవారు. ఆ సాయంత్రం మాత్రం, రెండూ కూడబలుక్కుని చెబుతున్నాయేమోనన్న అనుమానం ఆయనకు కలిగింది.

అప్పుడే కూర్చుని చదవడం మొదలుపెట్టారు. మిషను రకాన్ని బట్టి అంకె కొంచెం మారుతుందని చదివారు. కాలు సరిగ్గా లోపలికి తిరగకపోతే ఎముక మెడ బొమ్మలో కురచగా, దట్టంగా పడుతుందనీ, దాంతో అంకె ఉన్నదానికంటే మంచిగా కనిపిస్తుందనీ కూడా చదివారు. చదివింది మరిచిపోవడం ఆయనకు చేతకాదు. అదే ఆయన కొంప ముంచింది.

మూడో మిషను ఊరి చివర ఒక ల్యాబులో దొరికింది. అక్కడి మనిషి హడావుడిలో ఉన్నాడు. పట్టీ వదులుగా కట్టి అటు తిరిగాడు. మాస్టారి కుడిపాదం మెల్లగా, తనంతట తానే, పక్కకు వాలింది. మాస్టారికి తెలుసు. పాదానికీ తెలుసు. ఇద్దరూ నోరు విప్పలేదు. పని చేసుకునేవాడికి పని నేర్పడం మర్యాద కాదని మాస్టారికి అప్పుడు తోచింది. పాలు పితకడం పాలవాడికీ, వంట చెయ్యడం భార్యకూ, ఎక్స్‌రే తియ్యడం ఎక్స్‌రే పిల్లకూ నేర్పిన మనిషికి, జీవితంలో మొట్టమొదటిసారి ఆ మర్యాద తోచింది.

మైనస్ రెండు పాయింట్ మూడు.

ఆ సాయంత్రం మాస్టారు కాగితం ఊపుకుంటూ ఇల్లు చేరేసరికి బావమరిది మూడో అంతస్తులో కూర్చుని ఉన్నాడు. వార్త వినడానికి గుమాస్తా గారు కూడా వచ్చారు.

"గీతకు పైనే!" అన్నారు మాస్టారు.

"మరి ముందు రెండూ బావగారూ?"

"వాటిలో కొన్ని సాంకేతిక పరిమితులున్నాయయ్యా. నీకు అర్థం కావు."

"నాకు అర్థమయ్యాయి!" అన్నారు గుమాస్తా గారు ఉత్సాహంగా, కుర్చీ ముందుకు జరుపుకుని. "మొదటి ఇద్దరూ మన ముఖం చూడకుండా చెప్పేస్తారండీ. మూడో ఆయనే కాస్త ఓపిగ్గా చూస్తాడు. అయితే మాస్టారూ, మూడో ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు మన వైపు నుంచి కూడా చిన్న సాయం ఉండాలి."

"సాయమేమిటి?"

"నేను పుట్టిన టైము ఓ పావుగంట పక్కకు జరిపి చెప్పానండీ" అన్నారు గుమాస్తా గారు, గొంతు తగ్గించి. "అబద్ధం కాదు. మా అమ్మ ఏమైనా గడియారం చూసి కన్నదా? కొంచెం వాలనిచ్చానంతే. మీకు చెప్పకూడదేమో గానీ, మనసులో అనుకున్నాను... మాస్టారు కూడా మనలాంటివారేనని."

ఆయన వెక్కిరించడం లేదు. అదే మాస్టారికి దెబ్బ. వెక్కిరిస్తే ఎదురు వాదన ఉండేది. గుమాస్తా గారు చాలాకాలానికి తోడు దొరికినవాడిలా, చెయ్యి పట్టుకున్నంత ఆప్యాయంగా చూస్తున్నారు. ఆ చూపు కింద మాస్టారి కుడిపాదం కుర్చీ కిందికి ముడుచుకుంది. ఇప్పుడు మాత్రం చక్కగా లోపలికి తిరిగింది.

"కాలు వాలింది" అన్నారు మాస్టారు.

"ఏమిటండీ?" అంది భార్య.

"అక్కడ పట్టీ వదులైంది. కాలు పక్కకు వాలింది. వాలితే అంకె పెరుగుతుందని నాకు తెలుసు. ఊరుకున్నాను." కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయి, జేబులో దానికి చోటు లేనట్టు మళ్ళీ బయటికి తీశారు. "మైనస్ రెండు పాయింట్ ఏడే. బస్సు చెప్పిందే నిజం."

బావమరిది నవ్వబోయి, అక్క ముఖం చూసి మానేశాడు. ఆవిడ లేచి మంచినీళ్ళకు వంటింట్లోకి నడిచింది. నడుస్తూ కుర్చీ వీపు పట్టుకుంది, తరవాత గోడ పట్టుకుంది, తరవాత తలుపు పట్టుకుంది. రోజూ అలాగే నడుస్తుందేమో, మాస్టారికి తెలియదు. శని చుట్టూ ఎన్ని చందమామలు తిరుగుతున్నాయో చెప్పగల మనిషి, ఇంట్లో మనిషి ఏం పట్టుకుని నడుస్తోందో ఆ పూటే చూశారు.

"ఇదిగో... ఆరోజు బస్సులో నీది ఎంతన్నారు?"

వంటింట్లో గ్లాసు చప్పుడు ఆగింది.

"ఇప్పటికి అడిగారు."

"ఎంత?"

"మైనస్ మూడు పాయింట్ ఒకటి."

మాస్టారు గుమ్మం అవతలి మెట్ల వంక చూశారు. ఆ మెట్ల మీద కూరలు మోసింది, బియ్యం మోసింది, తను టెలిస్కోపు దగ్గర కూర్చుంటే డాబా మీదికి కాఫీ కూడా మోసింది ఆ మైనస్ మూడు పాయింట్ ఒకటే.

"మరి చెప్పవేం?"

"చెప్పబోయాను. మొదటిసారి మీరు ఆ పడుచు పిల్లల మీద విరుచుకు పడుతున్నారు. తరవాత ఆసుపత్రి మీద. ఇవాళ మీ ముఖం వెలిగిపోతోంది. దాని మీద నీళ్ళు చల్లడమెందుకని..." ఆవిడ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. "అయినా మీరు గీత గీసినప్పుడు నన్ను అందులో కలిపారా? నా అంకె, నా అంకె అన్నారు."

నిజమే. ఎంచిన ఇంట్లో ప్రతివారినీ కొలవాలని వీధి వీధంతటికీ బోధించిన మనిషి, తన ఇంటి జనాభా ఒక్కరే అనుకున్నారు. ఇలాంటి లెక్క ఏ కుర్రాడైనా చేస్తే కాగితం మీద అడ్డంగా ఎర్ర గీత గీసి, "సగం జనాభా ఏమైంది?" అని రాసేవారు. తనకు రాయడానికి ఎర్ర సిరా కూడా అక్కర్లేదు; ఆ గీత బావమరిది ముఖంలోనే ఉంది.

"రేపు సామాను దించుదామయ్యా" అన్నారు మాస్టారు.

"వారం టైముంది కదా బావగారూ."

"రేపే. ఈ లోపు మీ అక్క మెట్లెక్కకూడదు. దిగనూ కూడదు."

"అయితే నన్ను ఇక్కడే ఉంచి మీరందరూ కిందికి పోతారా?" అంది భార్య.

గుమాస్తా గారికి ఇదంతా అంత నచ్చినట్టు లేదు. దొరికిన తోడు చేజారిన మనిషిలా లేచి, "మూడో మాటే నమ్మి ఉండాల్సింది మాస్టారూ" అంటూ వెళ్ళిపోయారు.

మర్నాడు ఒక చేత్తో మెట్ల పిట్టగోడ, ఇంకో చేత్తో తమ్ముడి భుజం పట్టుకుని, తీరిగ్గా ఆగి ఆగి ఆవిడ దిగింది. టెలిస్కోపు ఆఖర్న దిగింది. కింది వాటాలో దానికి కిటికీ పక్కన మాత్రమే చోటు కుదిరింది. చీకటి పడగానే మాస్టారు కన్ను ఆనించి చూస్తే మొదట ఎదురింటి తువ్వాలు, దాని నేత సహా అద్భుతంగా కనిపించింది. కాస్త పైకి తిప్పితే, రెండు మేడల మధ్య ఆకాశపు పీలిక.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని తనలో తను నవ్వుకున్నారు మాస్టారు. "ఏం కనిపిస్తోందండీ?" అంది పక్కన కుర్చీలో ఉన్న భార్య.

"మనం ఎంచుకోవడానికేమీ లేదు. ఆ సందులోకి ఏ చుక్క వస్తే దాన్నే చూడాలి."

"మీరు వీధికంతా చెప్పింది అదేగా" అంది ఆవిడ. "జరగండి. ఈసారి మొదట నేను."

మాస్టారు జరిగారు. కుర్చీ మీద చెయ్యేసి లేవబోతున్న ఆవిణ్ణి ఆపి, టెలిస్కోపునే ఆవిడ కంటి ఎత్తుకు దించడానికి వంగి, మరలు వదులు చెయ్యడం మొదలుపెట్టారు. వంగినప్పుడు తుంటి కలుక్కుమంది. రుజువు అడక్కుండానే ఒప్పుకున్నారు.