భాష తెలియరాలేదు

సోషల్ మీడియా కంపెనీ నుంచి మళ్ళీ అదే జవాబు. 'రాసిన భాష తెలియరాలేదు. తొలగించడానికి కారణం కనబడలేదు.' తమిళనాడు ధర్మపురి సైబర్ క్రైమ్ ఎస్సై జయప్రియకు ఒళ్ళు మండిపోయింది. ఎవడో మేనక అనే కాలేజీ పిల్ల ముఖాన్ని సిగ్గుమాలిన బొమ్మలకు అతికించి, కింద బూతులు రాసి, ఆమె పేరుతోనే ఖాతా తెరిచి ఊరంతా తిప్పుతున్నాడు. అవి పోయేదాకా కాలేజీ గడప తొక్కనని ఆ పిల్ల పాలకోడులో ఇంట్లోనే కూర్చుంది.

రాతలు తమిళ అక్షరాల్లో ఉన్నాయి, మాటలు మాత్రం తెలుగు. కంపెనీలోని తమిళ నిపుణుడు ఇది తమిళం కాదన్నాడు. తెలుగు నిపుణుడు ఈ లిపి తనకు రాదని తిప్పి పంపాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరివల్లా చిల్లిగవ్వంత ఉపయోగం లేదు. తెలుగు మాట్లాడుతున్నా తెలుగు బడి మొహం చూడని ఇక్కడి ఇళ్ళలో ఇలాగే రాసుకుంటారని కంపెనీకి చెప్పడంకంటే గోడకు చెప్పుకోవడం నయం. జయప్రియ వాళ్ళమ్మ రాతా ఇదే.

చివరికి మేనకను, తండ్రి బైరప్పను పిలిపించింది. వాళ్ళను ఆటోలో తీసుకొచ్చింది మేనక మేనత్త కొడుకు మోహన్‌రాజ్. జయప్రియ పళ్ళు బిగబట్టి ఆ రాతలు పైకి చదివింది. 'ఎర్రపెయ్య' అన్న మాట దగ్గర మేనక తలెత్తింది.

“ఆ పేరు మా అవ్వ పెట్టింది మేడం. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలీదు.”

ఆమె చూపు మోహన్‌రాజ్ మీద ఆగింది. వాణ్ణి పెళ్ళి చేసుకోనని ఈమధ్యే చెప్పిందట. జయప్రియ చెయ్యి చాపింది. “ఫోను ఇట్లియ్యి.”

ఆ ఖాతా అందులోనే ఉంది.

అమ్మయ్య అనుకునేలోపే బైరప్ప చేతులు జోడించాడు. “వద్దు తల్లీ. మా చెల్లెలి కొడుకు. ఏమో తెలీక రాసినాడు, తీసేస్తాడు. కేసు వాపసు తీసుకుంటాము.”

జయప్రియకు తల బాదుకోవాలనిపించింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టి ఎదుట నిలబెట్టినా ఇంటివాళ్ళే వదిలెయ్యమంటే ఇంక ఎవరిని తిట్టుకోవాలి?

“కేసు పెట్టింది నేను మేడం, ఆయన కాదు,” అంది మేనక. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

“కంపెనీవాళ్ళకు మన బాస తెలీదు, తీయలేదు. నీకు తెలుసు కదా నాయనా?”

బైరప్ప జోడించిన చేతులు దించాడు.

“మేడంతో ఇంకోసారి చదివించాల్నా?” అంది మేనక.