లోకం బాగుపడిన వారం

అత్తగారు పొద్దున్నే కంప్యూటర్లో వార్తలు చదివేది కాలక్షేపానికి కాదు. ఆ రోజు దేవుడితో ఎవరెవరి గురించి మాట్లాడాలో తెలుసుకోవడానికి. ఎక్కడో వంతెన కూలి ఎవరైనా చిక్కుకుంటే పేరు గుర్తుపెట్టుకునేవారు. పేరు లేకపోతే "ఆ పచ్చచొక్కా అబ్బాయి" అనుకునేవారు. తర్వాత కిటికీ పక్కన తన కుర్చీలో కళ్ళు మూసుకుని, ఒక్కొక్కరినీ తలుచుకుని దణ్ణం పెట్టుకునేవారు. అది అయ్యాకే ఫలహారం.

ఇబ్బందల్లా ఆ వార్తల పేజీతోనే. ఒక పక్క పరుపుల ప్రకటన గంతులేస్తుంది. ఇంకో పక్క ఎవరో అడగకుండానే వీడియోలో ఊదరగొట్టడం మొదలుపెడతారు. మూసేద్దామని గుర్తు మీద నొక్కబోతే అది పక్కకి జారుకుంటుంది, పరుపు కొనమనే పేజీ తెరుచుకుంటుంది.

"నాకెందుకమ్మాయ్ ఇన్ని పరుపులు? ఉన్న పరుపు మీదే నిద్ర పట్టి చావదు" అన్నారు ఒకరోజు.

కోడలిది కంపెనీల వెబ్ పేజీల్లో తప్పులు పట్టే ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేస్తుంది. అత్తగారి బ్రౌజర్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ అనే తోక తగిలించి, అందులో తనే ఒక చిన్న స్క్రిప్టు, అంటే కంప్యూటరు చెయ్యాల్సిన పనుల జాబితా, రాసిపెట్టింది. పేజీ తెరుచుకోగానే అది ప్రకటనలని దాచేస్తుంది, వీడియోల నోరు మూయిస్తుంది, అక్షరాలని పెద్దవి చేస్తుంది.

అత్తగారు కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఇల్లు ఊడ్చి ముగ్గు... కాదు, అద్దం తుడిచినట్టుందే! పత్రికవాళ్ళు ఏమీ అనుకోరూ?"

"వాళ్ళకి తెలీదత్తయ్యా. వాళ్ళు పంపేది పంపుతూనే ఉంటారు. మన తెర మీదకి వచ్చాక మనం సర్దుకుంటాం. కొన్న చొక్కాకి చేతులు పొడుగైతే లోపలికి మడిచి కుట్టుకోమూ, అలా."

మెప్పు రుచి చూసిన చెయ్యి ఊరుకోదు. అత్తగారికి చక్కెర జబ్బు. వేళకి తిని మాత్ర వేసుకోవాలి. లోకంలో కష్టాలు ఎక్కువైన రోజున ఆ కుర్చీలోంచి లేచేసరికి ఫలహారం చల్లారిపోయేది, ఆవిడ కళ్ళు తడిగా ఉండేవి. చూడలేక కోడలు స్క్రిప్టులో మరికొన్ని మాటలు చేర్చింది: చావు, ప్రమాదం, హత్య, వరద, మంట. ఆ మాట ఉన్న వార్త ఏదైనా ఇక కనపడదు. అత్తగారికి మాత్రం చెప్పలేదు.

మర్నాడు పూల ప్రదర్శన వార్తా, కవలల్ని కన్న ఏనుగు వార్తా మిగిలాయి. సన్నని మంట మీద చేయమన్నందుకు పాపం వంటల శీర్షిక కూడా ఎగిరిపోయింది.

"ఇవాళ ఎవరికీ ఏమీ కాలేదే!" అంటూ అత్తగారు తొందరగా లేచారు. వేడివేడిగా తిని, మాత్ర వేసుకున్నారు. కోడలు లోలోపల పొంగిపోయింది.

రోజూ అదే తంతు. వారం తిరిగేసరికి అత్తగారి ముఖం వెలిగిపోతోంది. "విన్నాడమ్మాయ్. ఇన్నేళ్ళకి విన్నాడు. ఇంక నాకేం పని?" అని, మర్నాడు బారెడు పొద్దెక్కేదాకా హాయిగా పడుకున్నారు.

అప్పుడు గుచ్చుకుంది కోడలికి. దొంగసొమ్ముతో పండు కొనిచ్చి దీవెన పుచ్చుకున్నట్టు అనిపించింది. చేర్చిన మాటలన్నీ ఆ సాయంత్రమే చడీచప్పుడు లేకుండా తీసేసింది. తెలియకుండా వచ్చినవి, తెలియకుండానే పోతాయనుకుంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పొద్దున ఫలహారం పళ్ళెంతో వెళ్ళేసరికి అత్తగారు తెర ముందు బిగుసుకుపోయి ఉన్నారు.

"చూశావా! నిన్న ఒక్కపూట బద్ధకించాను. ఒక్కపూటే. వరదంట, రైలు పడిపోయిందంట. పసిపిల్లలమ్మాయ్..." ఆవిడ పళ్ళేన్ని చేత్తో వెనక్కి నెట్టారు. "ఆ పళ్ళెం తీసుకుపో. రాత్రిదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను."

"మాత్ర వేసుకోవాలత్తయ్యా. కళ్ళు తిరిగి పడిపోతారు."

"పడనీ. నా నిద్రకి వాళ్ళెందుకు పోవాలి?"

కోడలు పళ్ళెం బల్ల మీద పెట్టి, కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, స్క్రిప్టు సంగతంతా చెప్పేసింది.

అత్తగారు తెర వైపు తిరిగి ఆ వార్తలు మళ్ళీ చదివారు.

"అంటే ఆ వరదా, ఆ రైలూ నిన్నటివి కావా?"

"కావత్తయ్యా. మీరు పడుకోకముందువే."

"నేను పడుకోవడం వల్ల రాలేదూ?"

"రాలేదు."

ఆవిడ పెద్దగా ఊపిరి వదిలారు. ఆ వెంటనే నవ్వొచ్చింది. "ఎంత మొనగత్తెననుకున్నానే! నేను కునుకు తీస్తే నదులు పొంగుతాయనుకున్నాను." నవ్వు సగంలోనే ఆగింది. "కానీ ఈ వారమంతా వాళ్ళ గురించి ఒక్క ముక్క అడగలేదుగా నేను."

"మీరు చెబితేగానీ దేవుడికి తెలీదా?"

"ఆయనకి తెలుసు. నాకు తెలియాలి." ఆవిడ కిటికీ వైపు చూశారు. "తెలిసీ ఎందుకు ఊరుకుంటాడన్నది మాత్రం నాకు అంతుపట్టదు. ఆ కుర్చీలో కూర్చుని అదీ అడుగుతూంటాను."

"ఏమంటాడు?"

"ఇంకా ఏమీ అనలేదు. అడగొద్దనీ అనలేదు." కోడలి నెత్తిన మెల్లగా ఒక మొట్టికాయ వేశారు. "నా మేలు కోరే చేశావు, కాదనను. ఈసారి నా కళ్ళకి గంతలు కట్టేముందు నన్నడుగు. పళ్ళెం ఇటు తే. ఇవాళ చాలామంది ఉన్నారు, ఖాళీ కడుపుతో కుదరదు."

తింటూనే పని పురమాయించారు. పోయిన వారం వార్తలన్నీ వెనక్కి తేవాలి. ఒక్కో కష్టం పక్కన ఒక చుక్క ఉండాలి. ఆవిడ దణ్ణం పెట్టుకుని వచ్చి నొక్కితే ఆ చుక్క పోవాలి, వార్త మాత్రం పోకూడదు. కోడలు అక్కడే కూర్చుని రాసింది. ఆవిడ నమలడం ఆపి, వేలితో తెర చూపిస్తూ "ఇంకొంచెం పెద్ద చుక్క" అంటూ దిద్దించారు.

అప్పుడే నడక ముగించుకుని వచ్చిన మావగారు వాళ్ళ భుజాల మీదుగా తొంగిచూశారు. "నిన్న ఆటలో మనవాళ్ళు ఓడిపోయారు. దాని పక్కన కూడా ఒక చుక్క పెట్టమ్మా."

"వాళ్ళకి కావలసింది సాధన, దణ్ణాలు కాదు" అన్నారు అత్తగారు.

చెయ్యి కడుక్కుని, మాత్ర మింగి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ ఒక కన్ను తెరిచారు.

"ఎంత తేడాతో ఓడారేమిటి?"