బేసిక్ బ్యాచ్

మెర్లిన్ ఒక లెక్క మొదలుపెడితే అది తేలేదాకా లేచేది కాదు. అన్నానికి పిలిచినా వినపడేది కాదు. పరీక్షలో మాత్రం ఆ పద్ధతి పనికొచ్చేది కాదు. ఒక్క జామెట్రీ ప్రశ్న దగ్గరే కూర్చుండిపోయి, చివరి పేజీ ముట్టుకోకుండానే పేపరు ఇచ్చేసి వచ్చేది. తొమ్మిదో తరగతి చివరి పరీక్షలో అలాగే సగానికి సగం మార్కులు పోగొట్టుకుంది.

వాళ్ల నాన్న సత్యరాజు చోడవరం నుంచి మాడుగుల వెళ్లే ఆర్టీసీ బస్సుకు డ్రైవరు. తన చదువు పదితోనే ఆగిపోయిందన్న బాధ ఉంది అతనికి. అందుకని కూతుర్ని ఊళ్లో సీబీఎస్ఈ స్కూల్లో వేశాడు. అక్కడ లెక్కలు చెప్పే మిరియం టీచరు సత్యరాజు వాళ్ల చర్చిలో సండే స్కూలు కూడా నడుపుతుంది. ఆవిడ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు.

పదో తరగతికి పేర్లు నమోదు చేసే రోజుల్లో మిరియం టీచరు తండ్రీకూతుళ్లను పిలిపించింది. లెక్కల్లో రెండు రకాలున్నాయని చెప్పింది. పుస్తకం ఒకటే. స్టాండర్డ్ తీసుకుంటే బోర్డు పరీక్షలో కష్టమైన పేపరు వస్తుంది, బేసిక్ తీసుకుంటే తేలికైనది వస్తుంది.

"మెర్లిన్‌కి బేసిక్ పెడదాం సత్యరాజు గారూ. పిల్లకి స్పీడు లేదు. స్టాండర్డ్ పెట్టి ఫెయిలయిందనుకోండి, ఏం చేస్తారు?"

"నాకు స్టాండర్డ్ కావాలి టీచర్," అంది మెర్లిన్.

"ఎందుకమ్మా?"

"కష్టమైనవే బాగుంటాయి టీచర్," అంది మెర్లిన్.

మిరియం నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు. అందుకే సత్యరాజు నమ్మాడు.

"తర్వాత ఎంపీసీకి అడ్డం రాదు కదమ్మా?" అని మాత్రం అడిగాడు.

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. ముందు పది గట్టెక్కాలి కదండీ."

ఇంటికొచ్చాక మెర్లిన్ కంచం ముందు కూర్చోలేదు. తల్లి వరమ్మ బతిమాలింది.

"ఒసే, టీచరమ్మ నీ మంచికే సెప్పింది. ఆవిడకి తెలీదా ఏటి?"

"ప్రిన్స్‌కి నాకన్నా తక్కువొచ్చేయమ్మా. ఆడికి స్టాండర్డే పెట్టేరు."

ప్రిన్స్ మిరియం టీచరు కొడుకు. మెర్లిన్ క్లాసే.

"ఆళ్ల సంగతి మనకెందుకే," అంది వరమ్మ.

సత్యరాజు ఆ మాటలన్నీ విన్నాడు. విని, డ్యూటీకి టైమవుతోందని యూనిఫాం చొక్కా తొడుక్కున్నాడు. మర్నాడు స్కూలుకి వెళ్లి బేసిక్‌కి సంతకం పెట్టేశాడు.

క్లాసు అందరికీ ఒకటే. కాకపోతే బేసిక్ తీసుకున్న నలుగురైదుగురినీ చివరి బెంచీలకు మార్చారు. బేసిక్ బ్యాచ్ అని వాళ్లకో పేరు పడింది. కాస్త కష్టమైన లెక్క బోర్డు మీదికి వచ్చినప్పుడల్లా మిరియం వెనక్కి చూసి, "బేసిక్ వాళ్లు ఇది రాసుకోనక్కర్లేదు," అనేది. కసురుకుని కాదు, మామూలుగానే.

మొదట్లో మెర్లిన్ అయినా రాసుకునేది. ఒకసారి వృత్తానికి టాంజెంట్ గీసిన లెక్కలో టీచరు మధ్యలో ఒక మెట్టు దాటేస్తే, లేచి నిలబడి అది ఎలా వచ్చిందని అడిగింది.

"మీ పేపర్లో అది రాదు కదమ్మా. కూర్చో," అంది మిరియం. ముందు బెంచీల్లో ఎవరో నవ్వారు.

ఆ తర్వాత మెర్లిన్ అడగడం మానేసింది. దసరా సెలవులు అయ్యాక రాసుకోవడం కూడా మానేసింది. ఇంట్లో వరమ్మ మాత్రం ఒకటి గమనించింది. పిల్ల ఇప్పుడు పిలిచిన వెంటనే అన్నానికి వస్తోంది. దారిలో పడిందనుకుని సంతోషించింది.

ఫలితాలొచ్చాయి. మెర్లిన్‌కి లెక్కల్లో తొంభై దాటాయి. ప్రిన్స్ స్టాండర్డ్‌లో అత్తెసరు మార్కులతో బయటపడ్డాడు. స్కూలు గేటుకు కట్టిన ఫ్లెక్సీలో మెర్లిన్ ఫొటో కూడా వేశారు. సత్యరాజు బస్టాండులో తోటి డ్రైవర్లకు, కండక్టర్లకు స్వీట్లు పంచాడు. ఆ సంబరంలోనే అదే స్కూల్లో పదకొండో తరగతి సీటు అడగడానికి వెళ్లాడు.

"లెక్కల గ్రూపులోకి బేసిక్ వాళ్లని మేం తీసుకోమండీ," అన్నాడు ప్రిన్సిపాల్. "మీకు అప్పుడే చెప్పి ఉంటారే."

సత్యరాజు అక్కడి నుంచి తిన్నగా మిరియం ఇంటికి వెళ్లాడు.

"ఎంపీసీ సంగతి ఆ రోజే అడిగేను కదమ్మా," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

మిరియం తల దించుకుంది. "ఎవరు తప్పినా మేనేజ్‌మెంటు వాళ్లు ఆ సబ్జెక్టు టీచర్నే నిలబెట్టి అడుగుతారండీ. అనుమానమున్న పిల్లలందర్నీ బేసిక్‌లో పెట్టమన్నారు."

"మరి ప్రిన్స్ బాబు మీద అనుమానం లేదా అమ్మా?"

ఆవిడ ఒకసారి లోపలి గది వైపు చూసింది.

"వాడు నా కొడుకు కదా సత్యరాజు గారూ," అంది.

నాలుగు మాటలని వెళ్లాలనే వచ్చాడు సత్యరాజు. కానీ ఆ రోజు ప్రిన్స్ గురించి కూతురు తల్లితో అన్న మాట తన చెవినా పడింది. పడీ ఊరుకున్నాడు. చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

ఊళ్లోనే ఇంకో జూనియర్ కాలేజీలో బేసిక్, స్టాండర్డ్ అని చూడరని తోటి కండక్టరు చెప్పాడు. సత్యరాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. సెలవు పెట్టి మెర్లిన్‌ని తీసుకెళ్లాడు. అడ్మిషన్లు చూస్తున్న లెక్చరర్ కనకమహాలక్ష్మి మార్కులు చూసి ముచ్చటపడింది.

"లెక్కల్లో ఇన్ని మార్కులుంటే ఇంకేం. ఎంపీసీ రాసెయ్యనా అమ్మా?"

"వద్దు మేడమ్. సీఈసీ రాయండి," అంది మెర్లిన్.

సీఈసీ అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. అందులో లెక్కల సబ్జెక్టే ఉండదు. సత్యరాజు కంగారుగా కూతురి వైపు తిరిగాడు.

"అదేటే, ఆళ్లే ఇస్తామంటన్నారు కదా. నీకిష్టం కదే."

"నాకు రావు నాన్నా."

"రావని ఎవరన్నారు?"

మెర్లిన్ అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండుననిపించింది అతనికి.

"అందరూ అన్నారు కదా. నువ్వు సంతకం కూడా పెట్టేవు."

కనకమహాలక్ష్మి కలం పక్కన పెట్టింది. "భయపడకమ్మా. మొదటి నుంచీ మళ్లీ చెప్పుకొస్తాం. ఇక్కడ నీలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు," అంది.

"నీలాంటి వాళ్లు" అన్న మాటకి మెర్లిన్ కనురెప్పలు వాలిపోయాయి. "సీఈసీయే రాయండి మేడమ్," అంది మళ్లీ. లెక్చరర్ సత్యరాజు వైపు చూసింది. తను ఒక్కసారి గట్టిగా వద్దంటే మెర్లిన్ వినేదేమో. పోయినసారి కూతురి మాట కాదని చేసిన పని కళ్ల ముందుంది. ఈసారి ఏ నోటితో కాదనాలో తెలియక, సరేనన్నట్టు తలూపాడు.

ఇంటికి రాగానే వరమ్మ ఎదురొచ్చింది. "ఏ గ్రూపు ఇచ్చేరు?"

"సీఈసీ," అన్నాడు సత్యరాజు.

"అదేటి, ఎంపీసీ అన్నావు? ఆళ్లు లేదన్నారా?"

"ఇస్తామన్నారు. పిల్లే వద్దంది."

వరమ్మ క్షణం ఆలోచించింది. మెర్లిన్ అప్పటికే లోపలికి వెళ్లి టీవీ పెట్టుకుంది.

"పోన్లే," అంది వరమ్మ తేలిగ్గా ఊపిరి వదిలి. "ఈసారైనా దాని ఇష్టమే అయ్యింది."