పిండిమర పక్కన చెవుల పరీక్ష

మా ఆయనకి చెవుల వ్యాపారం. బందరు బజార్లో వినికిడి మిషన్ల కొట్టు. ఊళ్ళోవాళ్ళకి ఎంత వినపడుతుందో ఆయనే కొలుస్తారు. ఇంట్లో మాత్రం గ్యాస్ అయిపోయిందని ఎన్నిసార్లు చెప్పినా వినపడదు. ఇలాంటి చెవులకి ఏ కంపెనీ మిషనూ పనిచేయదని, గుడివాడలో బీకాం చదివించి నన్నీయన చేతిలో పెట్టిన మా నాన్నకి ఎవరూ చెప్పలేదు.

కొట్టు కింద, ఇల్లు పైన. చప్పుడు రాకుండా పరీక్ష చేయడానికని వెనక కట్టించిన చిన్న గదిలో ప్రస్తుతం బియ్యం బస్తాలూ, ఆయన పాత స్కూటరు తాలూకు సామానూ ఉన్నాయి. "ముందు గదిలో అయితే గాలొస్తుంది" అని పరీక్షలన్నీ అక్కడే కానిస్తారు. గోడకి అవతల బంగార్రాజు పిండిమర. అది తిరుగుతున్నట్టు మాకు తెలియడం మానేసి చాలా కాలమైంది.

ఆ మంగళవారం గిలకలదిండి నుంచి వీరదుర్గ వచ్చింది. హార్బరులో వేలంపాటలో చేపలు పాడుకుని ఊళ్ళో అమ్ముకునే మనిషి. పక్కన ఆరేళ్ళ కూతురు మహాలక్ష్మి. పిలిస్తే పలకడం లేదు, పరీక్ష చేయించమని బళ్ళో టీచరు చెప్పారట. చెవుడని తేలితే వినపడని పిల్లల హాస్టలు బడికి పంపాలట. అది ఎక్కడో వేరే ఊళ్ళో.

"ఇది నన్నొదిలి ఒక్క రాత్రి కూడా ఉండలేదు డాక్టరుగారూ" అంది.

ఆయన డాక్టరు కాదు. ఆ మాట ఎవరికీ చెప్పరు కూడా.

పిల్ల తలకి హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. సన్నటి కూతలకి నొక్కింది. గుమ్మనే బరువైన శబ్దాలు పంపితే మాత్రం ఊరికే చూస్తూ కూర్చుంది. ఆయన పెంచారు. ఇంకా పెంచారు. చివరికి ఎంత వినపడిందో కాగితం మీద గీత గీసి, "రెండు చెవులూ దెబ్బతిన్నాయమ్మా" అన్నారు.

వీరదుర్గ ఏడవలేదు. నేనిచ్చిన గ్లాసు చేతిలో ఒరిగి టీ చీర మీద ఒలుకుతున్నా కదల్లేదు. ఈలోగా మా ఆయన టీచరుకి ఫోను చేసి, "మీ అనుమానం నిజమేనండీ" అని చెప్పేశారు కూడా. మంచి కబురుకి ఇంత తొందర పడగా నేనెప్పుడూ చూడలేదు.

పిల్లని పైకి తీసుకెళ్ళాను. వెనకవైపు వంటింట్లో, దాని వీపు వెనక నిలబడి, డబ్బా మూతైనా తీయకుండా, గొంతు బాగా తగ్గించి, "జంతికలు తింటావా?" అన్నాను.

వెనక్కి తిరిగి, "కారంగా ఉంటాయా?" అంది.

గబగబా కిందికి దిగి మా ఆయనకి చెప్పాను.

"నీ పెదాలు చూసి ఉంటుంది."

"దాని వీపుకి కళ్ళున్నాయాండీ?"

"మాధవీ, మిషను అబద్ధం చెప్పదు."

"అయితే మీరు కూర్చోండి. నేను మీటలు నొక్కుతాను."

ఆయన భోజనానికి పైకొస్తే కొట్లో కూర్చునేది నేనే. ఏ మీట ఏం చేస్తుందో నాకూ తెలుసు. తన చెవుల మీద ఆయనకి మహా నమ్మకం కాబట్టి నవ్వుతూ హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు.

బరువైన శబ్దం పంపాను. నవ్వుతూనే ఉన్నారు. పెంచాను. "మొదలుపెట్టవే" అన్నారు.

నేను మొదలుపెట్టి అప్పటికే చాలాసేపైంది.

గీత గీసి పిల్ల కాగితం పక్కన పెట్టాను. రెండూ ఒకేలా ఉన్నాయి. ఆయన కాగితాల వంక చూశారు, తర్వాత గోడ వంక. గోడకున్న క్యాలెండరు సన్నగా వణుకుతోంది.

మర ఆపమని అడగడానికి ఆయనే వెళ్ళారు. "ఏంటి బావగారూ, ఇన్నాళ్ళకి వినపడిందా మా మర?" అన్న బంగార్రాజు గొంతు గోడ దాటి వచ్చింది. మర ఆగింది.

ఎంత మోతలో కాపురం చేస్తున్నామో అది ఆగాక తెలిసింది. మా గోడ గడియారం చప్పుడు చేస్తుందని ఆ రోజే విన్నాను. ఫ్యాను కూడా ఆపేసి పిల్లకి మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టారు. ఈసారి అది వదలకుండా నొక్కింది. ఆయన ఎంత తగ్గిస్తే అంత ముందుకి వంగి మరీ నొక్కింది.

"మరి బళ్ళో ఎందుకు పలకవే?" అంది తల్లి.

"కిటికీ పక్కన ఐసు ఫ్యాక్టరీ గదా అమ్మా. గరగరమంటది. టీచరు చెప్పేది ఇనపడదు."

వీరదుర్గ పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. కాసేపటికి తలెత్తి, "టీచరుగారికి చెవుడని చెప్పేశారు కదండీ. ఇప్పుడు నేను చెబితే నమ్ముద్దా ఆవిడ?" అంది.

మా ఆయన చూపు పిల్ల లేచిన కుర్చీ మీద పడింది. ఆ కుర్చీలో కూర్చుని మిషన్లు కొనుక్కెళ్ళిన అవనిగడ్డ రైతులూ, నాగాయలంక ముసలమ్మలూ నా కళ్ళ ముందు కూడా తిరుగుతున్నారు. దివిసీమ సగం మా కొట్లోనే చెవిటిదైంది.

"మిషను పాతబడిందని చెప్పనా?" అని గొణిగారు నా పక్కకొచ్చి.

"నాకు వినపడలేదు" అన్నాను.

ఫోను తీశారు. "టీచరుగారూ, పిల్ల చెవులు బాగున్నాయండీ. పరీక్షలో కాస్త..."

"గట్టిగా చెప్పండి, ఇక్కడ ఏమీ వినపడటం లేదు!" అన్న టీచరు కేక మాకందరికీ వినిపించింది.

గుమ్మంలో బంగార్రాజు, మోచేతుల దాకా పిండితో, వచ్చి నిలబడ్డాడు. మా ఆయన అతన్ని చూశారు, వీరదుర్గని చూశారు, గట్టిగా కళ్ళు మూసుకున్నారు. మర ఆగిన బజారంతా వినేలా అరిచారు.

"తప్పు నాదండీ! పిండిమర మోతలో పరీక్ష చేశాను! పిల్లని ఎక్కడికీ పంపొద్దు! తప్పు నాదే!"